నలభై మూడు గోరింటలు

హలో… ఆ, నేనే బాబాయ్, నస్రత్‌ని. ఇంకెవరనుకున్నావ్?

… పదకొండు సార్లు చేశాను. పదకొండు! పొద్దున్నుంచి ఆ ఫోను ఎక్కడ పడేశావ్?

… దూది కిందా? ఏదో ఒకరోజు ఫోను కూడా పరుపులో పెట్టి కుట్టేస్తావ్ నువ్వు.

… పిన్నితో తర్వాత మాట్లాడతా. గుల్షన్ పిన్నికి చెప్పు, అమ్మాయి ఆఫీసులో ఉంది, కోపంగా ఉందని. … కోపమే మరి. నీ మీదే. కూచున్నావా? కూచో ముందు.

బాబాయ్, నేను నీకేం పని అప్పజెప్పాను?

… కాదు, నీ నోటితో చెప్పు.

… ఆ. పొదలు లెక్కపెట్టటం. తంగేడు, బలుసు, కలే, రేగు… ఏ దిబ్బ మీద ఏ పొద ఉంది, ఎంత ఎత్తుంది, మొదలు ఎంత లావుంది, పక్క మొక్కకి ఎంత ఎడం ఉంది, బతికుందా ఎండిందా. ఫోన్లో కొట్టి, ఫొటో తీసి పంపటం. అంతేగా?

… ఎందుకో కూడా చెప్పాను నీకు. ఎండలు ఇట్టా పెరుగుతూ పోతే ఇంకో ఇరవయ్యేళ్ళకి మన గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఏ పొద మిగుల్తుంది, ఏది పోతుంది… అది కంప్యూటరు లెక్క కట్టాలి. దానికి బుర్రుండదు బాబాయ్. మనం ఏం పెడితే అది తింటుంది. నువ్వు అబద్ధం పెడితే అది అబద్ధమే చెబుతుంది.

— అరుస్తున్నానా? అరుస్తాను! నిన్ను నేను ఈ పనిలో పెట్టించాను. మా బాబాయ్, పరుపులు కుట్టే మనిషి, కొలతల్లో అంగుళం తేడా రానివ్వడు అని మంగళగిరిలో ఈ ఏసీ గదిలో కూచున్న ప్రతివాడికీ చెప్పుకున్నాను. తెలుసా?

… ఏం చేశావా? చెబుతా ఏం చేశావో. మే నెల పద్నాలుగో తారీకు. ఉప్పు కొటార్ల వెనక దిబ్బ. గుర్తుందా?

… ఆ రోజు ఏం పంపావు నువ్వు? నలభై మూడు గోరింట మొక్కలు. ఉప్పు నేలలో! బాబాయ్, నా దగ్గర పన్నెండు వందల చోట్ల లెక్కుంది. సముద్రం పక్క కొటార్ల దగ్గర సర్కారు తుమ్మ తప్ప ఇంకోటి లేదు. అక్కడ గోరింట బతుకుతుందా అంటే కంప్యూటరు నూటికి రెండు మార్కులేసింది. రెండే! నీకు మాత్రం నలభై మూడు కనపడ్డాయి.

… ఆగు, నన్ను చెప్పనీ. పక్క మొక్కకి ఎడం ఎంత అంటే, ఐదడుగులు. తర్వాత దానికి, ఐదడుగులు. దాని తర్వాతదానికీ ఐదడుగులే. మొదళ్ళన్నీ ఒకే లావు. అన్నీ నాలుగేళ్ళ మొక్కలు. బయట మొలిచే పొదల్లో తాతా ఉంటాడు, మనవడూ ఉంటాడు. ఇక్కడ అందరూ ఒకే నెలలో పుట్టిన కవలలా?

… ఫొటోలు ఉన్నాయి, నాకూ తెలుసు. ఎవరి పెరట్లోదో గోరింట కంచె. వేపచెట్టు నీడన నిలబడి నలభై మూడు ఫొటోలు తీసి, సిగ్నల్ లేదని దిబ్బ పేరు చేత్తో కొట్టి పంపావ్. ఆ ఉప్పు కొటార్ల ఎండకి తిరగలేక. అవునా కాదా?

… అట్టా నీళ్ళు నమలకు. అవును అంటే అయిపోతుంది. ఎండ నలభై ఆరుంది ఆ రోజు, నేనూ చూశాను. తిరగలేకపోయానమ్మా అని ఒక్క మాట అంటే నేనేమన్నా అంటానా?

… ఇప్పుడు నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. పొద్దునే మా సార్ సురేంద్ర గారికి మెయిలు పెట్టేశాను. సర్వే చేసిన మనిషి ఈ నలభై మూడూ కల్పించి పంపాడు, తీసేయండి అని.

… నీ పేరే రాశాను. మీరావలి అని. ఇంకెవరి పేరు రాయను?

… ఐదింటికి రిపోర్టు పోతుంది. ఇప్పుడు నాలుగున్నర. అందులో ‘పనికిరాని కంప’ అని పడ్డ చోట్లన్నీ వానలు ముదరకముందే చదును చేసి సోలారు పలకలు వేసుకుంటారు. మంచి పొదలున్న చోట్లు వదిలేస్తారు. మొదటిరోజే చెప్పాగా నీకు? ఆ దిబ్బ ఎటూ కంపే కాబట్టి…

ఏంది? … ఎందుకట్టా కేకలేస్తావ్?

… తీయొద్దా? ఎందుకు తీయొద్దు?

… పొక్లెయిన్ దిగితే ఏమవుతుంది? సర్కారు తుమ్మ పోతుంది. పీడా పోతుంది. … బాబాయ్? ఏడుస్తున్నావా?

… సరే, సరే. అరవనులే. మెల్లగా చెప్పు.

… ఎవరు నాటారు? … నువ్వా? నలభై మూడూ నువ్వే నాటావా? పరుపులు కుట్టుకునేవాడివి, కొటార్ల వెనక్కి పోయి గోరింట ఎందుకు నాటావ్?

… ఎప్పుడు?

…

ఇరవై ఒకటిలో. మేలో.

… వద్దు. చెప్పొద్దు. అర్థమైంది. … అర్థమైందంటున్నాగా బాబాయ్, ఒక్క నిమిషం ఊరుకో.

…

ఉన్నా. లైన్లోనే ఉన్నా.

సమాధి తలాపున గుచ్చే కొమ్మ. … నాకు తెలియకపోవటమేంది, నానమ్మని పెట్టినప్పుడు నేనే గుచ్చాను. ఆరేళ్ళప్పుడు. నువ్వే నా చెయ్యి పట్టుకుని గుచ్చించావ్. ఈ కొమ్మ పచ్చగా ఉన్నన్నాళ్ళూ లోపలున్న మనిషికి భారం తేలిగ్గా ఉంటుందమ్మా అన్నావ్. ఆ కొమ్మ బతికి చెట్టయింది. … ఆ, గుర్తుంది.

నలభై మూడు సమాధులా బాబాయ్?

… అక్కడెందుకు? మన కబరస్తాన్ ఉందిగా.

… ఊరోళ్ళు దారికి కంప అడ్డమేశారా. తుమ్మ కంప. … కర్రలు పట్టుకుని నిలబడ్డారా. తెలిసినవాళ్ళేనా? … పేర్లు వద్దులే. పెళ్ళిళ్ళకి వాళ్ళకి పరుపులు కుట్టింది నువ్వేగా, ఇంకేం పేర్లు.

… ఎంతమంది మీరు? … నువ్వు, మాబు, ఇంకిద్దరు. నలుగురూ కలిసి నెలన్నర.

… యలమంద కూడా అక్కడేనా? ఎరువుల కొట్టు యలమందా? వాళ్ళు కాలుస్తారుగా బాబాయ్. … కట్టె దొరకలేదా. కొడుకులు ఫోను ఎత్తలేదా. … వాళ్ళకి కూడా గోరింట కొమ్మేనా?

… ఆ. పచ్చ కొమ్మ ఎవరికైనా పచ్చ కొమ్మే. బాగుంది. … బాగుందనే అంటున్నా, ఎగతాళి కాదు.

మరి ఫోన్లో ఎందుకు కొట్టావ్ వాటిని? దాచిపెట్టినవాడివి దాచిపెట్టుకోక?

… నేనన్నానా?

… అన్నాను. ‘దిబ్బ మీద ఒక్క మొక్క కూడా వదలొద్దు’ అన్నాను. … అంటే వదిలేయటానికి మనసు రాలేదా, నా మాట పోతుందనా?

… రెండూనా.

…

బాబాయ్, ఒక మాట విను. నా ముందు రెండు తెరలున్నాయి. ఒకదాంట్లో నీ పొదలు. ఇంకోదాంట్లో ఇంకో ఫైలు. కరోనాలో ఏ ఊళ్ళో ఎంతమంది పోయారో, రాసినవాళ్ళెంతమందో, రాయనివాళ్ళెంతమంది ఉండొచ్చో, అది తేల్చే పని. అదీ నేనే చేస్తున్నా. ఆర్నెల్లుగా. … ఆ, రెండూ ఒకే ఆఫీసు. మాకు పొదలైనా మనుషులైనా ఒకటే, గళ్ళు నింపటమేగా.

మన వైపు ఊళ్ళకి, ఆ రెండు నెలలకి, అందులో ఎంతుందో తెలుసా?

… పదకొండు.

… ఒకటీ ఒకటీ పదకొండు. మీరు ఒక్క దిబ్బ మీదే నలభై మూడు పెట్టారు.

… పక్కపక్కనే ఉన్నాయి బాబాయ్ రెండు తెరలూ. మొక్కలు నలభై మూడు ఎందుకున్నాయని పొద్దున్నుంచి నిన్ను తిట్టాను. మనుషులు పదకొండే ఎందుకున్నారని ఒక్కరోజు కూడా ఎవర్నీ అడగలేదు. సిగ్గేస్తోంది నాకు.

…

బాబాయ్.

… నాన్న కూడా అక్కడేనా?

…

అక్కడేనా?

… నాన్న దగ్గరికి తీసుకెళ్ళమని నాలుగేళ్ళ నుంచి అడుగుతున్నాను నిన్ను. మొదటేడు, అది సర్కారోళ్ళ స్థలం, తాళమేశారన్నావ్. రెండో ఏడు పాములున్నాయి, వానలు తగ్గాక పోదామన్నావ్. పోయినేడు సింగరాయకొండలో బస్సు దిగి నీకు ఫోను చేస్తే, పిన్నికి ఒంట్లో బాలేదు, మళ్ళీ రా అన్నావ్. బస్టాండుకే వచ్చి అరటిపండ్లు కొనిచ్చి వెనక్కి పంపేశావ్. గుర్తుందా?

… సరే. ఇప్పుడు చెప్పు. ఏ నంబరు?

… లిస్టు నా ముందే ఉంది. ఒకటి నుంచి నలభై మూడు. ఒక్కోదానికీ ఫొటో ఉంది. హుస్సేన్ సాహెబ్ ఏ నంబరు? చెప్పు, తెరిచి చూస్తా. మొక్కనైనా చూస్తా.

… ఏంది?

… తెలీదా?

తెలీకపోవటమేంది బాబాయ్! నీ సొంత అన్న! పక్కింటివాడు కాదు, దారినపోయేవాడు కాదు. నువ్వే తెచ్చావ్, నువ్వే దించావ్. తెలీదంటావా?

… చెప్పు. … లేదు, వింటా. నువ్వు చెప్పు.

… ఒకే ట్రాలీ ఆటోలో నలుగురి శవాలు. … ఆ. … సంచుల మీద స్కెచ్చుపెన్నుతో పేర్లు రాశారు. … ఊరి బయట ఆపి బ్లీచింగు నీళ్ళు కొట్టారా. … సిరా కారిపోయింది. నాలుగూ చెరిగిపోయాయి.

…

నలుగురూ మగవాళ్ళేనా? … ఎవరెవరు? … నాన్న, చెంచురామయ్య గారు, అంకారావు, ఇంకా… అన్వర్. ఆ పిల్లాడు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు కదా. పొడుగ్గా ఉండేవాడు. పొడుగు చూసినా తెలిసేదే!

… మూటలన్నీ ఒకలాగే చుట్టారా. … కళ్ళద్దాలకి లోపల ఆవిరి పట్టిందా. సరే. కనపడలేదు. ఒప్పుకున్నా. నాన్నకి కుడికాలు పొట్టి. పోలియో కాలు. సంచీ మీదనుంచి ఒక్కసారి తడిమితే తెలిసేది. ఒక్కసారి! నాలుగిటినీ తడమటానికి ఎంతసేపు? ఎందుకు తడమలేదు నువ్వు?

…

బాబాయ్, ఎందుకు?

… భయమేసిందా.

… అన్నని ముట్టుకోవటానికి.

…

అట్టా అనకు. … అట్టా తల బాదుకోకు, వినపడుతోంది నాకు. పిన్నిని పిలవనా? … ఆపు బాబాయ్, నీకు దణ్ణం పెడతా. నేనెక్కడున్నాను ఆ రోజు? గుంటూరులో. నూట ఒకటి జ్వరం. అది సాకు. జ్వరం రెండోరోజుకే తగ్గింది. రావచ్చు. బస్సుల్లేవు, కానీ ఎవరో ఒకరి బండి మీద రావచ్చు. నేను రాలేదు. నాకూ భయమే. నువ్వు కనీసం గోతిలోకి దించే తాడు పట్టుకున్నావు, నేను తలుపు కూడా తీయలేదు. … లేదు, నిజమే చెబుతున్నా. ఎవరికీ చెప్పలేదిప్పటిదాకా.

… ఏ నంబర్లు ఆ నాలుగూ?

… పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఉండు, తెరుస్తున్నా.

… పదిహేడు. బాగా ఎదిగింది. పూత కూడా ఉంది. … పద్దెనిమిది, పర్లేదు. … ఇరవై పక్కన ఇదేంది, నీ సైకిలా? … రెండు వైపులా బిందెలు కట్టున్నాయి. ఇదెందుకు…

… నీళ్ళు పోస్తావా?

… రోజూనా?

… ఏది అన్నదో తెలీదు కాబట్టి నాలుగిటికీ పోస్తున్నావా. నాలుగేళ్ళ నుంచి. … మరి మిగతా ముప్పై తొమ్మిదీ?

… ఈ నాలుగిటికే పోసి పక్కవాటిని ఎండబెడితే వాటి కిందున్నవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా అంటావ్. చచ్చిపోయినవాళ్ళు చూస్తారా బాబాయ్!

… సరేలే. చూస్తారు. నేనేం అనను.

అయ్యో. … ఏం లేదు. మా లెక్కలో వాన ఉంది, ఎండ ఉంది, మట్టిలో ఉప్పెంతో ఉంది. రోజూ ఒక మనిషి సైకిలు మీద నీళ్ళు తెచ్చి పోస్తాడని ఏ గడిలోనూ లేదు. అది రెండు మార్కులేసి కూచుంది. నేను దాన్నే నమ్మాను.

పంతొమ్మిది తెరవనా?

… ఎందుకు వద్దు?

… ఆ. ‘ఎండింది’ అని కొట్టావ్. ఫొటోలో ఆకు లేదు. పుల్లలే. … ఎప్పుడు పోయింది?

… ఈ ఏప్రిల్లో. వారంలోనే ఆకంతా రాల్చేసిందా. బోరు నీళ్ళు ఉప్పెక్కాయా. … మళ్ళీ కొమ్మ గుచ్చలేకపోయావా? … మూడుసార్లు గుచ్చావా. పక్క చెట్టుదే కోసి. పట్టలేదు.

…

అదే నాన్నదేమో.

… కాదని నువ్వెట్టా అంటావ్? నీకు తెలీదుగా.

… అంతే. నాకూ తెలీదు.

బాబాయ్, ఒక మాట చెబుతా, గట్టిగా ఉండు. కంప్యూటరు మార్కులేసిందన్నానే, అది ఇప్పటికి. ఇంకో పదేళ్ళకి ఆ దిబ్బకి సున్నా వేసింది. గోరింటకే కాదు, కలేకి, బలుసుకి, అన్నిటికీ. నువ్వు ఎన్ని బిందెలు మోసినా. నీళ్ళే ఉప్పవుతుంటే నువ్వేం చేస్తావ్? ఒక్కోటీ పోతుంది. రాళ్ళు పెట్టలేదు మీరు, పేర్లు రాయలేదు. ఆ మొక్క పోతే అక్కడొక మనిషున్నాడని చెప్పేది ఇంకోటి లేదు. నీ బుర్రలో తప్ప. నీకు అరవై నాలుగు.

… మాబు పోయాడా? ఎప్పుడు? … పోయిన రంజానుకి. నాకెవరూ చెప్పలేదే. … మిగతా ఇద్దరూ? … ఊరొదిలి పోయారా. అయితే నువ్వొక్కడివే ఉన్నావ్.

అందుకే చెబుతున్నా, విను. టైం ఇరవై నిమిషాలుంది. మెయిలు తప్పని రాస్తా. ఆ దిబ్బ కంప కాదు, నలభై మూడు మంది ఉన్నారని రాస్తా. రెండో ఫైల్లో కూడా పెడతా, పదకొండు పక్కన. నీ పేరుతోనే. ఒప్పుకుంటావా?

… ఎవరొస్తారు? … పోలీసులా? అనుమతి లేకుండా పూడ్చారని అడిగితే?

… అడగనీ. ఎవరో ఒకరు అడగాలిగా ఇప్పటికైనా. పూడ్చినవాణ్ని అడిగితే, కంప వేసినవాళ్ళనీ అడగాలి, పదకొండు రాసినవాళ్ళనీ అడగాలి. … నీకు భయంగానే ఉంటుంది, నాకు తెలుసు. నాకూ ఉంది. ఈ ఉద్యోగం పోతుందేమో. పోతే పోనీ. నిన్ను ఒక్కణ్ణే పంపను బాబాయ్, నేనూ వస్తా. నీ పక్కన నిలబడతా.

… పిన్నిని అడుగుతావా? అడుగు. … ఉన్నా.

…

ఏమంది?

… ‘ఇన్నాళ్ళకి అడిగింది పిల్ల, చెప్పు’ అందా. పిన్నికి మొదటినుంచీ తెలుసా? … మీ ఇద్దరి సంగతీ వచ్చాక చెబుతా.

సరే, మొదలుపెట్టు. ప్రతి మొక్క పక్కన ఖాళీ గడి ఉంది, అందులో పేరు కొడతా. తొందరగా, కానీ తప్పు పోకుండా. ఒకటి?

… యలమంద. … ఇంటిపేరు వద్దు, ఊరు చెప్పు చాలు. … రెండు?

… ఖాదర్‌బీ. ఏ ఖాదర్‌బీ? … మిర్చి తొడిమలు తీసే ఖాదర్‌బీయా! ఆమె పోయిందా? నాకు తెలీనే తెలీదు. మొన్నామధ్య కూడా అనుకున్నాను, ఆమె చేతి పచ్చడి తిని ఎన్నాళ్ళయిందోనని. … సరే. కొట్టాను. మూడు.

… వెంకటేశ్వరమ్మ. నాలుగు, ఆమె మొగుడు. పేరు? … పేరు తెలీదా. ‘వెంకటేశ్వరమ్మ భర్త’ అని కొడతా. అదీ పేరే. … ఐదు. … నెమ్మదిగా. … ఆరు, బాలింతరాలు. … బిడ్డ? … ఆమెతోనేనా. … ఒక్క కొమ్మే పెట్టావా ఇద్దరికీ. అంటే నలభై మూడు కాదు బాబాయ్. నలభై నాలుగు.

… ఏడ్వట్లేదు. చెప్పు. ఏడు. … ఆ. … ఎనిమిది. … ఆ. … తొమ్మిదీ పదీ అన్నదమ్ములా. … చెప్పు, కొడుతున్నా. … పదమూడు ఇందాక చెప్పావు, అది పద్నాలుగు. … ఆ. … పదహారు. … అయింది.

పదిహేడు.

…

నాలుగిట్లోనూ నాలుగు పేర్లూ రాస్తున్నా. హుస్సేన్ సాహెబ్, చెంచురామయ్య, అంకారావు, అన్వర్. ప్రతిదాంట్లోనూ నలుగురూ. ఎవరు ఎక్కడున్నారో తెలీదు గానీ ఉన్నారు. పంతొమ్మిదిలో కూడా. … ఎండిపోతే ఏం, రాస్తా.

ఆగాగు బాబాయ్, మా సార్ వస్తున్నారు. పెట్టేయకు. లైన్లోనే ఉండు.

— సురేంద్ర గారూ! సార్, ఒక్క నిమిషమండి. ప్రకాశం ఫైలు గురించి. నేను పొద్దున పెట్టిన మెయిలు తప్పండి. ఆ నలభై మూడూ నిజమేనండి, మళ్ళీ కలపాలి. అవి మామూలు మొక్కలు కావండి, అక్కడ…

… ఎప్పుడండి?

… ఐదింటికి కదా సార్! … నాలుగింటికే పంపేశారా. దీప్తి పంపేసిందా.

… వెనక్కి తెప్పించలేమా? … సరే, సవరణ పంపితే? … ఏం ప్రయోజనం అంటే ఎలాగండి, అక్కడ మనుషులున్నారు! … సమాధులండి. కరోనా సమాధులు. … ఎవరు చెప్పారంటే… ఆయనేనండి. సర్వే చేసినాయనే.

… అవునండి. మీరావలి గారే.

… ఆయన పంపినవి మొత్తం తీసేశారా? అన్ని దిబ్బలూనా? నేను ఆ ఒక్కటే కదండీ తీయమన్నాను! … ఒకచోట కల్పించినవాడు అన్నిచోట్లా కల్పిస్తాడని. … ఆ మాట రిపోర్టులో రాశారా? … రుజువుగా నా మెయిలే జతచేశారా.

…

అవునండి. నేనే రాశాను. … నా పేరే ఉంటుంది కింద. … లేదండి, మీ తప్పేం లేదు.

…

బాబాయ్. ఉన్నావా?

… విన్నావా?

… మొత్తం విన్నావా.

… ఇక ఆ మెట్టలో నువ్వు కొలిచిన ఒక్క పొద కూడా లెక్కలో లేదు. నువ్వు అబద్ధాలవాడివని వాళ్ళకి నేను కాగితం రాసిచ్చాను. ఇప్పుడు అదే మనిషి సమాధులంటున్నాడంటే ఎవరు నమ్ముతారు అంటున్నారు. … సార్ తప్పు కాదు. నేను రాసిందే ఆయన చదివాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నా నేను.

మళ్ళీ రాస్తా. పైవాళ్ళకి రాస్తా, పేర్లతో సహా రాస్తా, మిగతా పేర్లు కూడా నీ దగ్గర తీసుకుని. వింటారో వినరో తెలీదు. ఈలోపు పొక్లెయిన్ వస్తుందో కూడా తెలీదు. నీ మీద ఒట్టు, నాకు ఏమీ తెలీదు.

… తిట్టు బాబాయ్.

… నన్ను ఏదో ఒకటి అను. నాన్నుంటే నన్ను చంపేసేవాడు. మా తమ్ముణ్ణి దొంగన్నావా అని.

…

ఏంది? వినపడలేదు.

… టైమా? ఐదు కావస్తోంది.

… పంచాయతీ కుళాయి వదిలారా. … అరగంటే వస్తుందా. మంచినీళ్ళా? మరి మీకు ఇంట్లోకి? … పిన్ని రెండు బిందెలు పక్కన పెట్టిందా.

… ఇప్పుడు వెళ్తావా? ఇదంతా విన్నాక కూడానా?

…

బాబాయ్, ఎండిపోయినదానికి కూడా పోస్తావా?

…

ఆ. … సరే.

… సరే, వెళ్ళు. ఆలస్యమైతే కట్టేస్తారు.

… బాబాయ్, పెట్టేయకు, నేను రేపు పొద్దున బస్సెక్కి… హలో? … బాబాయ్? … హలో…